ఫియోర్డ్: దాటే నీళ్లా, లోతు నీళ్లా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం అండీ. నార్వే పర్యాటకం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఒక్క మాట దగ్గర బండి ఆగిపోయింది. మూలంలో "గైరాంగెర్‌ఫ్యోర్డెన్" అని ఉంది. నేను "గైరాంగెర్‌ఫ్యోర్డెన్ ఫియోర్డ్" అని రాశాను. సరిచూసేవారు దాన్ని కొట్టేసి "గైరాంగెర్ అఖాతం" అని పెట్టారు. మా పక్క సీటాయన "ఫ్జోర్డ్" అని పలుకుతారు, వినడానికే భయంగా ఉంటుంది. ఈ మాటని తెలుగులో ఎలా రాయాలి? అఖాతం అంటే సరిపోతుందా? అచ్చ తెలుగులో ఇంకేదైనా మాట దొరుకుతుందా?

జవాబు:
ముందు తేలికైన ప్రశ్న తీసుకుందాం. "ఫ్జో" వద్దు. ఇంగ్లీషులో జే అని పిలిచే ఆ అక్షరానికి నార్వే, స్వీడన్, డెన్మార్క్ భాషల్లో మన "య" పలుకు. కాబట్టి ఫ్యోర్డ్ లేదా ఫియోర్డ్. ఓస్లో చుట్టుపక్కల వాళ్లయితే చివరి "డ" కూడా మింగేసి "ఫ్యూర్" అన్నట్టు అంటారు. మనం అంత దూరం పోనక్కర్లేదు, తెలుగు చదివేవాళ్లకి ఫియోర్డ్ అలవాటైన రూపమే.

అఖాతం మాత్రం నాకు నచ్చలేదు. తెలుగువాడికి అఖాతం అనగానే కళ్ల ముందుకొచ్చేది బంగాళాఖాతం. నేలకీ నీళ్లకీ మధ్య పెద్ద వంపు, అవతలి ఒడ్డు కనపడదు. ఫియోర్డ్ దానికి పూర్తిగా ఎదురు. రెండు ఒడ్లూ దగ్గరగా, నిటారుగా, కొన్నిచోట్ల తలెత్తితే తప్ప ఆకాశం కనపడనంత ఎత్తుగా ఉంటాయి. మధ్యలో సముద్రపు నీరు సన్నగా, పొడుగ్గా దేశం లోపలికి చొచ్చుకుపోతుంది. సోగ్నెఫియోర్డ్ సముద్రం నుంచి లోపలికి 205 కిలోమీటర్లు పోతుంది. దాని సగటు వెడల్పు నాలుగున్నర కిలోమీటర్లే. నెరోయ్‌ఫియోర్డ్ అని దాని చిన్న కొమ్మ ఒకటుంది, ఇరుకైన చోట 250 మీటర్లు. దాన్నీ గైరాంగెర్‌నీ కలిపి యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. వీటిని అఖాతం అంటే పాఠకుడి ఊహలో బొమ్మ తప్పుగా పడుతుంది.

మాస్టారు:
నాయనా, అఖాతాన్ని అంత తేలిగ్గా పంపెయ్యకు. ఖాతం అంటే తవ్వింది. అఖాతం అంటే తవ్వనిది. అమరకోశంలో "అఖాతం దేవఖాతకం" అని ఉంది. మనుషులు తవ్వకుండా తనంతట తానే ఏర్పడిన చెరువుకి ఆ రెండు పేర్లు. సముద్రపు వంపుకి అఖాతం అనడం తరవాత వచ్చిన వాడుక. ఇప్పుడు నీ ఫియోర్డ్ ఎవరు తవ్వారో చెప్పు.

జవాబు:
మంచు తవ్వింది మాస్టారూ. మీరు ఎటు లాగుతున్నారో అర్థమైంది. మంచునే దేవుడనుకుంటే ఫియోర్డ్ అక్షరాలా దేవఖాతమే. మాట ఎంత బాగున్నా పర్యాటక వ్యాసంలో పెడితే పాఠకుడు గుడి కోనేరు అనుకుంటాడు.

తవ్వకం సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే "ఫియోర్డ్ అంటే ఏమిటి" అన్న ప్రశ్నకి రెండు జవాబులున్నాయి. భూగోళ శాస్త్రం చెప్పేది ఒకటి, ఆ భాష మాట్లాడేవాళ్లు చెప్పేది ఇంకొకటి. గొడవంతా ఆ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తుంది.

శాస్త్రం చెప్పేది ఇది. మొదట అక్కడ మామూలు నదీ లోయలు ఉండేవి. మంచుయుగాల్లో స్కాండినేవియా మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. అది ఊరికే కూర్చోలేదు, తన బరువుకి తానే జారుతూ పాత లోయల వెంట సముద్రం వైపు కదిలింది. అడుగున ఇరుక్కున్న రాళ్లతో లోయని గీకి, అరగదీసి, అడుగు వెడల్పుగానూ పక్కలు నిట్టనిలువుగానూ చేసింది. నది కోసిన లోయ కిందికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. మంచు కోసిన లోయ తొట్టిలా ఉంటుంది. చివరి మంచుయుగం సుమారు 11,700 ఏళ్ల కిందట ముగిసి మంచు వెనక్కి తగ్గాక, ఆ తొట్టెల్లోకి సముద్రం వచ్చి కూర్చుంది.

నాకు బాగా నచ్చే విషయం లోతు. ఏటి నీళ్లయినా, కాలవ నీళ్లయినా సముద్రం వైపు పోయేకొద్దీ లోతెక్కుతుందని మనం అనుకుంటాం. ఫియోర్డ్‌లో తలకిందులు. సోగ్నెఫియోర్డ్ లోపలి భాగంలో లోతు 1,300 మీటర్లు దాటుతుంది. సముద్రంలో కలిసేచోట అడుగు ఒక్కసారిగా పైకి లేచి, వంద రెండొందల మీటర్ల లోతుకే వచ్చేస్తుంది. కారణం తేలికే. లోపల కొండల మధ్య ఇరుక్కున్న మంచు మందంగా, బరువుగా ఉండి అడుగుని బాగా తవ్వింది. తీరం దాకా వచ్చాక దానికి పక్కలకి పరుచుకునే చోటు దొరికింది, పలచబడింది, కోసే బలం తగ్గింది. పైగా తను మోసుకొచ్చిన రాళ్లూ మట్టీ అక్కడే దింపేసింది. ఆ ఎత్తైన అంచుని నార్వే వాళ్లు "తెర్స్కెల్" అంటారు. అంటే గడప. అనువాదానికి ఇంతకంటే తేలికైన మాట ఉండదు, అదే రాసెయ్యండి: ఫియోర్డ్ గడప.

ఈ గడప వల్ల లోపలి అడుగు నీళ్లకి బయటి సముద్రంతో రాకపోకలు తక్కువ. ఉప్పుగా, బరువుగా ఉండి అక్కడే నిలవుంటాయి. కొన్ని ఫియోర్డుల్లో అడుగున ప్రాణవాయువే ఉండదు. పైన మాత్రం కొండల మీంచి పడే జలపాతాల నీరు, కరిగిన మంచు నీరు ఒక పొరగా తేలుతూ ఉంటుంది.

కాకినాడ నుంచి ఒకరు:
అంత దూరం ఎందుకండీ, మన పాపికొండలు ఫియోర్డ్ కాదా? పోశమ్మ గండి దగ్గర లాంచీ ఎక్కి పేరంటపల్లి దాకా పోతే మీరు చెప్పినట్టే రెండు వైపులా కొండలు, మధ్యలో నీళ్లు. ఫోటోలు పక్కపక్కన పెడితే తేడా చెప్పలేరు. అన్నట్టు "గండి" అన్న మాట ఉందిగా మనకి. "సముద్రపు గండి" అంటే పోలా?

జవాబు:
పాపికొండల అందానికి వంక లేదండీ, కానీ ఫియోర్డ్ కాదు. అక్కడ తూర్పు కనుమల్ని కోసింది గోదావరి, మంచు కాదు. నీళ్లు నది నీళ్లు, సముద్రం ఇంకా చాలా దూరం.

గండి గురించి మీరు చెప్పింది ఆలోచించదగ్గదే. కొండని ఏరు చీల్చుకుని పోయే చోటుకి మనవాళ్లు వాడే అసలైన మాట అది. పోశమ్మ గండి, పెన్న ఒడ్డున గండికోట, పాపఘ్ని మీద గండి, అన్నీ ఆ అర్థంలోనివే. చిక్కల్లా రెండో అర్థంతో. కాలవకి గండి పడింది, చెరువుకి గండి కొట్టారు అంటాం. "సముద్రపు గండి" అని హెడ్డింగ్ పెడితే తుఫానొచ్చి కట్ట తెగిందనుకుని జనం టెన్షన్ పడతారు.

అలాంటి ఫియోర్డ్ ఒకటి నిజంగానే ఉంది. డెన్మార్క్ ఉత్తరాన లిమ్‌ఫియోర్డ్. 1825 ఫిబ్రవరిలో పెద్ద తుఫానుకి పడమటి వైపు ఇసుక కట్ట తెగి ఉత్తర సముద్రం లోపలికి వచ్చేసింది. అప్పటిదాకా తూర్పు వైపే సముద్రానికి తెరుచుకున్న నీళ్లు అప్పటినుంచి రెండు వైపులా తెరుచుకున్నాయి. ఇవాళ పటం చూస్తే అది జలసంధి, దానికి ఉత్తరాన ఉన్న నేల ఒక దీవి. పేరు మాత్రం లిమ్‌ఫియోర్డే. ఎక్కడా నిట్టనిలువు కొండల్లేవు, లోతూ లేదు.

అడిగినవారు:
మరి దాన్ని ఫియోర్డ్ అని ఎందుకంటున్నారు? మంచు తవ్విన గోడలు, గడప, లోతు, ఏదీ లేకపోతే?

జవాబు:
అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ పేరు పెట్టినవాళ్లకి మంచుయుగం సంగతే తెలియదు. పడవ నడిపేవాళ్లు పెట్టిన పేరు అది.

మాట పాత రూపం, వెయ్యేళ్ల కిందట స్కాండినేవియాలో మాట్లాడిన పాత నార్స్‌లో "ఫ్యోర్ద్‌ర్". దాని వెనక ఉన్నది "దాటు, అవతలికి పో" అనే అర్థమున్న "పెర్" అనే ఇండో యూరోపియన్ ధాతువు, అంటే సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు, నార్వే భాషలన్నిటికీ ఉమ్మడి మూలంలోది. ఇంగ్లీషులో ఏటిని నడిచి దాటే రేవుని "ఫోర్డ్" అంటారు, జర్మన్‌లో "ఫుర్ట్", ఆ ఫ్రాంక్‌ఫుర్ట్‌లో ఉన్నదే. ఇవన్నీ ఫియోర్డ్‌కి తోబుట్టువులు. ఒకే మాట ఒక చోట మోకాలి లోతు నీళ్లకి పేరైంది, ఇంకో చోట 1,300 మీటర్ల లోతుకి పేరైంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది లోతు కాదు, దాటడం. కాళ్లతో దాటేవాళ్లు ఒకలాంటి నీళ్లకి పెట్టుకున్నారు, పడవలున్నవాళ్లు ఇంకోలాంటి నీళ్లకి.

అర్థం ఇలా జరగడం మనకి కొత్తేమీ కాదు. తీర్థం అన్న సంస్కృత పదాన్ని చూడండి. "తౄ" అంటే దాటడం, తీర్థం అంటే మొదట ఏటిని దాటే రేవు. అక్కడ స్నానం పుణ్యమైంది, ఊరు క్షేత్రమైంది, గుళ్లో పూజారి చేతిలో పోసే నీళ్లూ తీర్థమయ్యాయి. చివరికి కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం అంటే జాతర. అక్కడికెళ్లి "రేవు ఏదీ?" అని అడిగితే ఎంత వింతగా ఉంటుందో, లిమ్‌ఫియోర్డ్‌కి వెళ్లి "మంచు తవ్విన గోడ ఏదీ?" అనడం అంతే వింత.

పాత వాడుకకి ఇంకో సాక్ష్యం స్కాట్లండ్‌లో ఉంది. ఓర్క్నీ దీవులకీ ప్రధాన భూభాగానికీ మధ్యనున్న సముద్రాన్ని నార్స్ నావికులు "పెట్లాండ్స్ ఫ్యోర్ద్‌ర్" అన్నారు, పిక్టులు అనే పాత స్కాట్లండ్ జనం దేశపు ఫియోర్డ్ అని. ఇవాళ అది పెంట్లండ్ ఫర్త్. లోపలికి చొచ్చుకుపోయే నీళ్లు కావవి, అటు ఒక సముద్రం, ఇటు ఒక సముద్రం, మధ్యలో దాటాల్సిన జలసంధి. దాటాలి కాబట్టే ఫియోర్డ్ అన్నారని నా అభిప్రాయం. స్కాట్లండ్ పటంలో కనిపించే ఫర్త్‌లన్నీ ఈ మాట నుంచి వచ్చినవే.

ఐర్లండ్ ఇంకా తమాషా. వాటర్‌ఫోర్డ్ అనే ఊరుంది. పేరు చూసి నీళ్లూ రేవూ అని అనుకోని వాడు ఉండడు. అసలు పేరు "వేద్రఫ్యోర్ద్‌ర్". వైకింగులు, అంటే ఆ నార్స్ నావికులు, పెట్టింది. మొదటి భాగం పొట్టేళ్లనీ గాలివాన అనీ రెండు వాదాలున్నాయి, నీళ్లు మాత్రం కాదు. వెక్స్‌ఫోర్డ్, స్ట్రాంగ్‌ఫోర్డ్, కార్లింగ్‌ఫోర్డ్, వీటి చివరన ఉన్నదీ ఇంగ్లీషు ఫోర్డ్ కాదు, నార్స్ ఫియోర్డే. ఇంగ్లీషు చెవికి ఫోర్డ్ అలవాటు కాబట్టి అలా స్థిరపడిపోయింది.

ఇంకొకరు:
నాకు ఒకటి తోస్తోంది. "దాటడం" అన్నారు, "పెర్" అన్నారు. తెలుగులో "పారు" ఉంది కదా, ఏరు పారుతుంది. ఫియోర్డ్ మూలం తెలుగే అయి ఉండొచ్చుగా?

జవాబు:
కాదండీ. "పారు" ద్రావిడ ధాతువు, ప్రవహించడం, పరుగెత్తడం దాని అర్థాలు. తమిళంలో, కన్నడంలో దాని బంధువులున్నాయి. "పె", "పా" కలిశాయి కదా అని చుట్టరికం కలపకూడదు. ఈ గ్రూపులో వారానికోసారి ప్రపంచ భాషలన్నీ తెలుగులోంచి పుట్టేస్తున్నాయి, కనీసం నార్వేనైనా వదిలేద్దాం.

అసలు బంధువు మన వాడుకలోనే ఉంది, సంస్కృతం దారిలో వచ్చింది. పారం అంటే అవతలి ఒడ్డు. అవతలి ఒడ్డు లేనిది అపారం. అవతలి ఒడ్డుకి చేరినవాడు పారంగతుడు. రెండు ఒడ్లున్నది పారావారం, అంటే సముద్రం. ఈ "పార" ఆ "పెర్" ధాతువు సంతానమే. ఇంకో రెండు బంధువులు ఇంగ్లీషు బండెక్కి వచ్చాయి: లాటిన్ "పోర్టుస్" నుంచి వచ్చిన పోర్టు, ఇంగ్లీషు ఫెర్రీ. కాకినాడ పోర్టు, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం ఫెర్రీ అని మనం అనే రెండు మాటలకీ ఫియోర్డ్‌తో రక్త సంబంధం ఉంది.

మాస్టారు:
అయితే మీకు కావలసిన తెలుగు మాట రేవు. ఫియోర్డ్ అంటే రేవు. తేల్చేశాం.

జవాబు:
వ్యుత్పత్తిలో రేవే మాస్టారూ, వాడుకలో కాదు. నర్సాపురం వాడికి రేవు అంటే సఖినేటిపల్లి పోవడానికి పంటు ఎక్కే చోటు. అది ఒడ్డున ఉండే ఒక చోటు. ఫియోర్డ్ ఆ మధ్యనున్న నీళ్లన్నీ. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, ఈ మాట భూగోళ శాస్త్రంలోకి వచ్చాక పడవవాణ్ణి మరిచిపోయింది. ఇప్పుడు మళ్లీ రేవు అంటే ఎవరికీ అర్థం కాదు.

బెర్గెన్ నుంచి ఒకరు:
నేను ఉద్యోగం మీద ఇక్కడ, నార్వేలో ఉంటున్నాను. మీరు చెప్పిన పడవల మాట ఇక్కడి పేర్లలో ఇంకా కనిపిస్తుంది. సోగ్న్ అంటే ఇక్కడ ఒక ప్రాంతం. ఫియోర్డ్‌కి రెండు ఒడ్లూ కలిపి సోగ్న్. హర్దంగెర్ కూడా అంతే, నూర్‌ఫియోర్డ్ కూడా అంతే. నీళ్లు ఊళ్లని విడదీసే సరిహద్దు కావు, కలిపే దారి. కొండ ఎక్కి పక్క లోయకి పోవడం కంటే పడవలో ఎదుటి ఒడ్డుకి పోవడం తేలిక. మొన్నమొన్నటిదాకా ఇక్కడ "సోగ్న్ ఓగ్ ఫ్యోర్దానె" అని ఒక జిల్లా ఉండేది, అంటే "సోగ్న్, మరియు ఫియోర్డులు". 2020లో దాన్ని పక్క జిల్లాతో కలిపి వెస్ట్‌లాండ్ చేశారు.

ఇంకో విషయం. ఇక్కడ మంచినీటి సరస్సుల్ని కూడా ఫియోర్డ్ అంటారు. ఓస్లోకి వాయవ్యంగా తీరిఫియోర్డ్ ఉంది, సముద్రంతో సంబంధం లేదు, సముద్ర మట్టానికి 63 మీటర్ల ఎత్తున ఉంది. రాండ్స్‌ఫియోర్డ్ కూడా సరస్సే. మొదట్లో నేను పటం తప్పేమో అనుకున్నాను.

జవాబు:
సరిగ్గా చెప్పారు. నది రెండు ఒడ్లకి రెండు జిల్లాలు మన దగ్గర మామూలు, ఇటు కృష్ణా, అటు గుంటూరు. అక్కడ నీళ్లకే ప్రాంతం పేరు ఇవ్వడం పడవల బతుకు వల్లే అనిపిస్తుంది. సోగ్న్ అన్న పేరు కూడా మొదట ఫియోర్డ్‌దే అయి ఉండాలంటారు. "పీల్చు" అనే క్రియతో దాన్ని కలుపుతారు, మొగ దగ్గర ఆటుపోట్లకి నీళ్లు లాగేస్తాయి కాబట్టి.

తీరిఫియోర్డ్‌కి చిన్న మెలిక ఉంది. మంచు బరువు దిగిపోయాక స్కాండినేవియా నేల మెల్లగా పైకి లేచింది, ఇంకా లేస్తూనే ఉంది. ఓస్లో ప్రాంతంలో ఒకప్పటి సముద్రపు ఒడ్డు గుర్తులు ఇప్పుడు రెండొందల మీటర్ల పైన కనిపిస్తాయి. కాబట్టి 63 మీటర్ల ఎత్తున్న తీరిఫియోర్డ్ ఒకప్పుడు సముద్రమే. అందుకే ఆ పేరు వచ్చిందనుకుంటే మాత్రం పొరపాటు. నేల లేచిన సంగతి పేరు పెట్టినవాళ్లకి తెలియదు. పెద్ద నీళ్లు కనిపించాయి, పడవలో దాటారు, ఫియోర్డ్ అన్నారు.

ఓస్లోఫియోర్డ్ మీద ఒక మాట కలపండి, మీరు అక్కడే ఉన్నారు కదా.

బెర్గెన్ నుంచి ఒకరు:
ఓస్లో మాకు రైల్లో ఏడు గంటల దూరం అండీ! అయినా తెలిసింది చెప్తాను. దాని పాత పేరు "ఫోల్డ్". అటూ ఇటూ ఉన్న ఓస్ట్‌ఫోల్డ్, వెస్ట్‌ఫోల్డ్ జిల్లాల పేర్లలో అది మిగిలింది, తూర్పు ఫోల్డ్, పడమటి ఫోల్డ్ అని. 1624లో ఓస్లో తగలబడిపోతే రాజు నాలుగో క్రిస్టియన్ ఊరిని కోట పక్కకి మార్చి తన పేరు పెట్టుకున్నాడు, క్రిస్టియానియా. దాంతో ఫియోర్డ్ కూడా క్రిస్టియానియాఫియోర్డ్ అయింది. 1925లో ఊరికి ఓస్లో పేరు తిరిగొచ్చాక ఇది ఓస్లోఫియోర్డ్ అయింది. భూగర్భ శాస్త్రం వాళ్లు దీన్ని అచ్చమైన ఫియోర్డ్ కింద లెక్కపెట్టరు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట నేల చీలి కుంగిన చోటు అది, మంచు తరవాత వచ్చి నునుపు చేసింది.

ఉత్తరాన ఇంకో సంగతి ఉంది. అక్కడ సామీ జనం ఉంటారు. వాళ్ల భాషలో ఫియోర్డ్ "వుఓత్న". ఫిన్నిష్‌లో "వుఓనో". పోర్సంగెర్‌ అనే మునిసిపాలిటీకి నార్వే భాషలో, సామీలో, ఫిన్నిష్‌కి దగ్గరిదైన క్వెన్ భాషలో మూడు పేర్లూ అధికారికమే. స్థలనామాల మీద 1990లో ఒక చట్టం చేశారు, స్థానికుల వాడుకలో ఉన్న పేర్లకి గుర్తింపు ఇవ్వాలని. దాన్ని చూసి మన ఊళ్ల పేర్ల బోర్డులు గుర్తొచ్చాయి, ఆ గొడవ ఇంకోరోజు.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. అయితే నా మొదటి వాక్యం "గైరాంగెర్‌ఫ్యోర్డెన్ ఫియోర్డ్" ఉంచుకోవచ్చా?

జవాబు:
వద్దు. చివరన ఉన్న "ఎన్" వాళ్ల భాషలో "ఆ" అని చూపించే ప్రత్యయం. ఫ్యోర్డ్ అంటే ఫియోర్డ్, ఫ్యోర్డెన్ అంటే "ఆ ఫియోర్డ్". కాబట్టి మీరు "గైరాంగెర్ ఆ ఫియోర్డ్ ఫియోర్డ్" అని రాశారు.

అంతటితో ఆగదు. "అంగెర్" కూడా ఫియోర్డే! పాత నార్స్‌లో "అంగ్ర్" అంటే ఇరుకైన సముద్రపు పాయ. మాటగా దాని వాడుక ఎప్పుడో పోయింది, ఊళ్ల పేర్లలోనే మిగిలింది. స్టవంగెర్, హర్దంగెర్, లెవంగెర్, వరంగెర్, అన్నింటిలో ఉన్నది అదే. "గైర్" అంటే బల్లెం. గైరాంగెర్ అంటే బల్లెం లాంటి పాయ. అర్థం మరుగున పడ్డాక జనం దాని మీద మళ్లీ ఫియోర్డ్ తగిలించారు. దానికి మీరు ఇంకో ఫియోర్డ్ జోడించారు, మొత్తం మూడు.

నవ్వుకోనక్కర్లేదు, మనమూ అదే పని చేస్తాం. అచలం అంటే కొండ, అయినా శేషాచలం కొండలు అంటాం. మల అంటే కొండ, తిరుమల కొండ ఎక్కుతాం, నల్లమల కొండల్లో తిరుగుతాం. పాత మాటకి అర్థం మసకబారితే దాని పక్కన తెలిసిన మాట పెట్టుకోవడం అన్ని భాషల్లోనూ ఉంది. "నల్లమల కొండలు" తప్పని ఎవరైనా వస్తే నేను ఒప్పుకోను, అది వాడుక. అలాగే "గైరాంగెర్ ఫియోర్డ్" కూడా తప్పు కాదు, ఒక్కటి చాలు అంతే.

పలుకు సంగతి కూడా. "అంగెర్"లో "గ" వాళ్లు విడిగా పలకరు. అది మన వర్ణమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న ఙ. గైరాఙెర్, స్టవాఙెర్. సోగ్నె కూడా నిజానికి "సొఙ్నె". అచ్చులో అలా రాయమని నేను చెప్పను, పాఠకుడు బెదిరిపోతాడు. పిల్లలకి ఙ ఎక్కడ పలకాలో చూపించడానికి మాత్రం నార్వే పనికొస్తుంది.

మాస్టారు:
ఐస్లండ్ వాళ్ల దగ్గర ఈ మాట విభక్తి చేరినప్పుడు రూపం మారుతుందని విన్నాను.

జవాబు:
అవునండీ, మీకు నచ్చే విషయమే. ఐస్లండిక్‌లో "ఫ్యోర్దుర్" ప్రథమ. షష్ఠిలో "ఫ్యార్దర్" అవుతుంది. "లో" అనే అర్థం వచ్చేచోట "ఫిర్ది". హాఫ్నర్‌ఫ్యోర్దుర్ అని ఒక ఊరుంది, ఆ ఊళ్లో ఉంటున్నానని చెప్పాలంటే "హాఫ్నర్‌ఫిర్ది" అనాలి. మన ఏరు, ఏటి లాంటి వ్యవహారమే. పెన్నేరు నది పేరు, పెన్నేటి నీళ్లు, పెన్నేటి ఒడ్డు. తెలుగు రానివాడు పెన్నేరు, పెన్నేటి రెండు వేర్వేరు నదులనుకున్నట్టే, కొత్తవాడు ఐస్లండ్ బస్సు బోర్డు చూసి రెండు ఊళ్లనుకుంటాడు. అనువాదంలో ప్రథమా రూపమే రాసుకోవాలి, లేకపోతే ఒకే వ్యాసంలో ఒక ఊరికి మూడు పేర్లొస్తాయి.

సరే, పని దగ్గరికి వద్దాం. నా సలహా: "గైరాంగెర్ ఫియోర్డ్" అని రాయండి. మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యం చేర్చండి, "కొండల మధ్యగా సముద్రం చాలా దూరం లోపలికి వచ్చిన సన్నని పాయ" అని. తరవాతంతా ఫియోర్డ్ చాలు. దీనికి "హిమఖాతం" లాంటి కొత్త మాటలు పుట్టించొద్దు. తీరిఫియోర్డ్, లిమ్‌ఫియోర్డ్ పేర్లు వచ్చిన చోట ఆ మాట అబద్ధమైపోతుంది. ఆ నీళ్లకి ఆ పేరు మంచుని చూసి పెట్టింది కాదు.

అడిగినవారు:
అర్థమైందండీ, అలాగే మారుస్తాను. చివరిగా ఒకటి. ఇదే వ్యాసంలో న్యూజీలాండ్‌లోని మిల్‌ఫోర్డ్ సౌండ్ గురించి కూడా ఉంది. దాన్ని "సౌండ్" అన్నారు కాబట్టి అది ఫియోర్డ్ కాదా?

జవాబు:
అది మంచు తవ్విన అచ్చమైన ఫియోర్డ్. ఆ ప్రాంతం పేరే ఫియోర్డ్‌లాండ్, అక్కడ స్పెల్లింగు కూడా ఐ అక్షరంతో. సౌండ్ అన్నది సముద్రపు పాయకి ఇంగ్లీషు మాట, ఇంగ్లీషు నావికులు అలవాటుగా తగిలించింది. జాన్ గ్రోనో అనే సీలు వేటగాడు పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో దానికి వేల్స్‌లోని మిల్‌ఫోర్డ్ హేవెన్ పేరు పెట్టాడు. తరవాత వచ్చినవాళ్లు హేవెన్ (ఓడరేవు) తీసి సౌండ్ పెట్టారు. ఆ వేల్స్ మిల్‌ఫోర్డ్ మళ్లీ వైకింగులదే, "మెల్‌ర్" అంటే ఇసుక దిబ్బ, మిగతాది మీకు తెలుసు. కాబట్టి సౌండ్ అన్న తోకని పక్కన పెడితే పేరులో ఫియోర్డ్ ముందే ఉంది. 1998 నుంచి మావోరీ పేరు పియోపియోతాహి కూడా కలిపే రాస్తారు. వ్యాసంలో ఆ రెండో పేరు వదిలెయ్యకండి.